మూడు ఖాళీ గళ్లు

"వరసగా మూడు నెలలు చందా లేదు పిన్నిగారూ. రూలు ప్రకారం సాయం రాదు."

పోలీసు సంక్షేమ సంఘం ట్రెజరరమ్మ రిజిస్టరు అటు తిప్పి చూపించింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ భర్త పోయి రెండు వారాలే అయింది. సంఘానికి మొట్టమొదటి ట్రెజరర్ ఆయనే. ఆ సాయం అందితే తప్ప ఆసుపత్రి బాకీ తీరదు.

పందొమ్మిదేళ్ల క్రితం, ఇప్పుడు పెద్దావిడ కూర్చున్న కుర్చీలో కూర్చున్నది ట్రెజరరమ్మ. కానిస్టేబులైన ఆమె భర్తను డ్యూటీలో ఉండగా లారీ గుద్దేసింది. అప్పుడు సంఘమంటే నలభైమంది సభ్యులు, ఒక రేకుపెట్టె. ఈ పెద్దావిడ భర్తే ఇలాగే రిజిస్టరు తిప్పి చూపించాడు. "చందా పంపితే సరిపోదమ్మా, పుస్తకంలోకి ఎక్కాలి" అన్నాడు. పైసా విదల్చలేదు. తర్వాత జాలిపడి గుమాస్తా ఉద్యోగం ఇచ్చాడు.

పుస్తకంలోకి ఎక్కాలన్న ఆ మాటకు ఆమె ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. పళ్లబిగువున పనిచేసి ఆయన కుర్చీలోకే వచ్చింది. నలభైమంది నాలుగొందలయ్యారు, రేకుపెట్టె పోయి బ్యాంకు డిపాజిట్లు వచ్చాయి. మీటింగు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మూడు నెలల రూలు తీసేద్దామనేవాళ్లు. ఆమె సాగనివ్వలేదు. ఆ రూలును ఒక్క ఇంటి కోసం దాచి ఉంచింది.

పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. "మంచాన పడ్డాక కూడా ఆయన ఒక్క నెల మానలేదమ్మా. కోడలి చేతికిచ్చి పంపేవారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు తల దించుకుంది. కాళ్లకు కొత్త చెప్పులు.

ట్రెజరరమ్మ వాటిని చూసింది. అడగాల్సింది మాత్రం అడగలేదు. చెవికమ్మ తడుముకుంటూ, ఇన్నేళ్లూ నాలుక చివర ఉంచుకున్న మాట అనేసింది.

"పంపితే సరిపోదు పిన్నిగారూ, పుస్తకంలోకి ఎక్కాలి."

పెద్దావిడకు ఆ మాట ఎవరిదో తెలుసు. "ఆయన మీద కోపం నా మీద తీర్చుకుంటున్నావా?"

"ఆయన నేర్పిన పనే చేస్తున్నాను."

పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

ట్రెజరరమ్మకు కడుపు నిండినట్టయింది. టీ తెప్పించుకుని తీరిగ్గా తాగింది. బీరువా అడుగునుంచి పాత రిజిస్టరు తీసి, భర్త పేరు పక్కనున్న మూడు ఖాళీ గళ్ల మీద వేలు పెట్టింది.

ఆ మూడు నెలల చందా కట్టి రమ్మని భర్త తన చేతికిచ్చిన డబ్బుతోనే ఆమె ఈ కమ్మలు కొనుక్కుంది.