దూడ బరువు

"గేదెదూడకి నట్టల మందు కావాలండీ," అందామె గుమ్మంలోనే నిలబడి.

పశువుల డాక్టరు బీరువా తీసి సీసా అందుకున్నాడు. మోతాదు బరువును బట్టే. "ఎన్ని కిలోలుంటుంది?"

"పద్దెనిమిది."

ఆయన నవ్వాడు. "పుట్టినప్పుడే అంతకంటే ఎక్కువుంటుంది కదమ్మా! తోలుకురా, చూస్తాను."

ఆమె కదల్లేదు. "పెద్దాసుపత్రిలో కాలేయంలో పురుగన్నారండీ. ఈ మందే పనిచేస్తుందట. మనుషులకిచ్చేది ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలీదట."

మోతాదు తప్పుతుందన్న భయంతో బరువు దగ్గర మాత్రం అబద్ధమాడలేకపోయింది.

సీసా మీద ఎర్రక్షరాలు: పశువులకు మాత్రమే. ఆయన సీసా లోపల పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మాత్రం గుప్పిట్లోనే ఉండిపోయింది.

తలెత్తకుండానే అడిగాడు. "ఎన్నో తరగతి చదువుతోంది?"

"రెండండీ. బడి తెరిచినప్పుడు ఇరవై మూడు కిలోలుండేది."