పెద్దల్లుడి సలహా

"కారు కొంటున్నా అన్నయ్యగారూ! కరెంటుది!"

చిన్నల్లుడు ఆ మాట అనడమే ఆలస్యం, పెద్దల్లుడికి తాగుతున్న కాఫీ పొలమారింది. అత్తగారు కంగారుగా వచ్చి అతని నెత్తిమీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు నాయనా."

ఎవరూ తలుచుకోలేదు. అది అసూయ. అచ్చంగా, పచ్చి అసూయ. తనకి పెళ్లై పదేళ్లు దాటినా ఇంకా స్కూటరే. వానొస్తే పెళ్లాంపిల్లల్ని వెంటేసుకుని బస్టాపులో నిలబడటమే. ఇతగాడు నిన్నగాక మొన్న ఈ ఇంటి అల్లుడయ్యాడు, అప్పుడే కారు!

"ఏ రంగు?" అన్నాడు, దగ్గు ఆపుకుని.

"నీలం."

అదే కారు. అదే రంగు. కొంటే అదే కొనాలని తను ఎప్పుడో అనుకున్నాడు. ఎన్నిసార్లు దాని తలుపు మీద చెయ్యేసి నిమిరాడో! నిమిరి, స్కూటరెక్కి ఇంటికొచ్చేశాడు.

"నా సోకు కోసం కాదు అన్నయ్యగారూ, అత్తయ్య కోసం. పెట్రోలు వాసనంటే ఆవిడకి వాంతులే కదా. దీనికి వాసనుండదు, కుదుపుండదు. మొదటి ప్రయాణం వాళ్ల చెల్లెలింటికే."

అత్తగారి మొహం వెలిగిపోయింది. ఆ చెల్లెలు కాళ్లు పడిపోయి మంచానికే పరిమితమైంది. ఆమె రాలేదు, ఈవిడ వెళ్లలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోన్లోనే ఏడ్చుకుంటారు.

ఆవిడ చిన్నల్లుణ్ణి చూసిన చూపుకి పెద్దల్లుడి కళ్లలో కారం పడినట్టయింది. ఇన్నేళ్లూ ఆవిడకి మందులు తెచ్చిందెవరు? గ్యాసుబండ భుజాన మోసిందెవరు? ఒక్క కారుతో ఆ చాకిరంతా బూడిదలో పోసిన పన్నీరేనా?

"ఇంకా అడ్వాన్సు కట్టలేదులెండి" అన్నాడు చిన్నల్లుడు. "మిమ్మల్నడక్కుండా ముందుకెళ్తానా? మీరు ఊఁ అంటే రేపే వచ్చి కట్టేస్తా. వద్దంటే మానేస్తా. ఈ విషయంలో ఇంకొకర్ని అడిగే పనే లేదు."

"పెద్దల్లుడికి తెలియనిదేముంది!" అన్నారు మామగారు పేపరు మడుస్తూ.

పెద్దల్లుడు కప్పు కింద పెట్టాడు.

"నా మాట వింటావా? ఇప్పుడొద్దు."

"అదేంటి అన్నయ్యగారూ!"

"మీరుండేది ఐదో అంతస్తులో. కారుండేది సెల్లారులో. కిటికీలోంచి వైరు వేలాడదీస్తావా, బట్టల తాడులాగా?"

"అసోసియేషన్‌ని అడుగుదామని..."

"అడుగు, అడుగు. లిఫ్టులో బల్బు మార్చడానికే మీటింగు మీద మీటింగు పెడతారు వాళ్లు. నీకు ఛార్జింగ్ పాయింటు ఇచ్చినట్టే!"

చిన్నల్లుడి పక్కనే కూర్చున్న మరదలు కిసుక్కున నవ్వింది. దాంతో అతనికి ఊపొచ్చింది. ఈ భయాలేవీ అతనికి కొత్తవి కావు. రోజూ ఎవరో ఒకరి నోట వింటున్నవే, అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"దూరం వెళ్తే దార్లో ఛార్జింగ్ దొరకాలా? దొరికినా అది పనిచెయ్యాలా? పనిచేసినా మనకంటే ముందు ఇంకో నలుగురు ఉండకూడదా? అత్తయ్యని ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెడతావా? కంపెనీవాడు చెప్పే దూరం వేరు, ఏసీ వేసుకుంటే వెళ్లే దూరం వేరు. బ్యాటరీ పోయిందా, సగం కారు మళ్లీ కొనుక్కోవాల్సిందే. అమ్ముదామంటే అడిగే నాథుడుండడు. ఇక నిప్పంటుకోవడాలూ అవీ... పెద్దావిడ ముందు ఎందుకులే."

ఆ 'ఎందుకులే' బాగా పనిచేసింది. అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది.

"మరి టీవీలో అందరూ తెగ పొగుడుతున్నారే?" చిన్నల్లుడు నీరుగారిపోతూ అడిగాడు.

"అమ్ముకునేవాడు వంద చెప్తాడు నాయనా. వాడికేం పోయింది? నేను నీ తోడల్లుణ్ణి. నువ్వు మానేస్తే నాకేమన్నా కలిసొస్తుందా? నువ్వే చెప్పు."

"అయ్యయ్యో, అంత మాటెందుకు! మీ అంతటివారే వద్దంటున్నారంటే ఇంక తిరుగేముంది?"

"నాలుగైదేళ్లు ఆగు. భవిష్యత్తు దానిదే, నేను కాదన్నానా? భవిష్యత్తు కాబట్టే, ఇప్పుడు తొందరేంటి అంటున్నా."

చిన్నల్లుడు ఫోన్లో దాచుకున్న నీలం కారు ఫోటోని కాసేపు చూసుకుని, తీసేశాడు. మరదలు నవ్వు మానేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"పోనీలే. ఇప్పట్లో రాలేనని చెల్లికి ఫోన్ చేసి చెప్తా" అంటూ లేచింది అత్తగారు. అయినా వెళ్తూ వెళ్తూ పెద్దల్లుడి భుజం తట్టింది. "నువ్వు లేకపోతే నిలువునా మోసపోయేవాళ్లం నాయనా!"

అది కాస్త గుచ్చుకుంది. కాస్తే. కడుపులో మంట చల్లారాక ఏ మనిషికైనా ప్రాణం హాయిగానే ఉంటుంది మరి. ఇంకో కప్పు కాఫీ అడిగి పెట్టించుకుని తాగాడు. సాయంత్రం ఇంటికెళ్తూ స్కూటర్ మీద ఈల కూడా వేశాడు.

మర్నాడు పొద్దున్నే అతను టై బిగించుకుని, తను పనిచేసే ఎలక్ట్రిక్ కార్ల షోరూం అద్దాల తలుపు తీసి పట్టుకుని, లోపలికొస్తున్న మొదటి కస్టమరుతో చిరునవ్వు చెరగకుండా, "ఛార్జింగనీ బ్యాటరీ అనీ మీరు విన్నవేవీ పట్టించుకోకండి సార్, అవన్నీ గిట్టనివాళ్లు పుట్టించే పుకార్లు!" అన్నాడు.