గ్రీకు చదివే మిషన్

"ఆ మిషన్ యాడుందప్పా? ఒకసారి చూడాల" అని బెంగళూరు నుంచి వచ్చిన శివప్ప అడిగేసరికి కేశవ లేచి వెనక గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలుండాది సార్. దుమ్ము తగిలితే చెడిపోతాదని ఎవర్నీ పోనీము."

ధర్మవరం రైల్వే స్టేషను ఎదురుగా, మేడమీద రెండు గదుల ఆఫీసది. ముందు గదిలో స్కానరు. వెనక గది తలుపు మీద 'సర్వర్ రూం' అని రాసి ఉంటుంది. శివప్ప కంపెనీ పంపే నూరేళ్లనాటి గ్రీకు పుస్తకాలను స్కాన్ చేసి, కంప్యూటరు అక్షరాలుగా మార్చి తిరిగి పంపడం కేశవ పని. అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు కొన్న మాట నిజమే. కానీ గ్రీకు అక్షరాల నెత్తిన నువ్వుగింజంత గుర్తులుంటాయి. కొన్ని ఎడమకు వంగి, కొన్ని కుడికి వంగి. వాటిని చూసి సాఫ్ట్‌వేరు మొదటి వారమే చేతులెత్తేసింది. రెండు మగ్గాలమ్మి పెట్టిన ఆఫీసు, ఇక మూసుకోవాల్సిందే అనుకుంటున్నప్పుడు దొరికింది ఓబమ్మ.

ఓబమ్మకు గ్రీకు మాట దేవుడెరుగు, తెలుగే కూడబలుక్కుని చదవాలి. అయితేనేం, చీర అంచుల గ్రాఫు చూసి, మగ్గం మీద ఆ బొమ్మ నేయించే జకార్డు అట్టలకు తూట్లు కొట్టడంలో ఇరవై ఏళ్లు పండిన చెయ్యి. అక్కడ ఒక్క తూటు తప్పితే చీరంచులో హంసకు ముక్కు ఉండదు. ఆ కళ్లకు నువ్వుగింజ ఒక లెక్కా! ఆమెకు ఆల్ఫా అంటే చేప, ఒమేగా అంటే ఆవు పొదుగు. కీబోర్డు మీద ఆ అక్షరాలంటించి ఇస్తే, వెనక గదిలో కూర్చుని చూసింది చూసినట్టు కొట్టేసేది. మధ్యాహ్నం పన్నెండుకల్లా వదిలెయ్యాలన్నది ఒక్కటే ఆమె షరతు. ఏడాదిగా ఒక్క తప్పు లేదు. ఇదంతా తన మిషన్ గొప్పతనమేనని కేశవ శివప్పకు కోతలు కోసి పెట్టాడు.

"చూడు కేశవా" అన్నాడు శివప్ప కుర్చీలో కూర్చుంటూ. "ప్రతి పేజీనీ మేము ఇద్దరికిస్తాం. నీకొకటి, అనంతపురంలో ఇంకో కంపెనీకొకటి. రెండు మిషన్లు చదివినవి పక్కపక్కన పెట్టి, తేడా వచ్చినచోట మా ప్రొఫెసరు దిద్దుతాడు. ఏడాదిగా ఒక్క తేడా రాలే. ఆయప్ప పనిలేక కూర్చున్నాడు. అంత బాగా చదివే మిషన్లు రెండెందుకు? ఒకటి తీసేస్తాం. ఈ కొత్త పేజీ ఇద్దరికీ పరీక్ష."

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి దగ్గు వినిపించింది.

"లోపల ఎవరో దగ్గినారే?"

"హార్డ్ డిస్కు సార్. ఎండలకు అట్లే దగ్గుతాది."

పేజీ స్కానయి లోపలికి వెళ్లింది. అరగంటకు ప్రింటు బయటికొచ్చింది. శివప్ప తనతో తెచ్చుకున్న సరైన ప్రతిని పక్కన పెట్టుకుని, ఎర్రపెన్నుతో ఒక సున్నా చుట్టాడు. ఇంకొకటి చుట్టాడు. మూడోది చుట్టేసరికి కేశవకు ఏడుపొక్కటే తక్కువ.

"మూడు తప్పులు."

"ఎప్పుడూ ఇట్ల చెయ్యదు సార్! మా అమ్మతోడు!"

"సరేలేప్పా. అన్నం తిని అనంతపురం పోతా. ఆడిది కూడా చూసి రేపు ఫోన్ చేస్తా."

శివప్ప మెట్లు దిగగానే కేశవ వెనక గదిలోకి దూసుకుపోయాడు. "ఓబమ్మక్కా, నా కొంప ముంచితివి గదే!"

"పన్నెండయిందప్పా. రేపు మాట్లాడుకుందాం" అని ఓబమ్మ సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. ఆ పూట కేశవకు ముద్ద దిగలేదు. అమ్మిన మగ్గాలు రెండూ కళ్లముందే ఆడుతున్నాయి.

మర్నాడు పది గంటలకు ఫోను మోగింది.

"కేశవా, ఆడా మూడు తప్పులే! తమాషా ఏమంటే, నువ్వు తప్పినచోట వాళ్లు ఒప్పు, వాళ్లు తప్పినచోట నువ్వు ఒప్పు. రెండూ పక్కన పెడితే ఆరూ దొరికిపోయినాయి. ఒక్కదాన్నే నమ్ముకుంటే మునిగేవాళ్లం. రెండు మిషన్లూ ఉండాల్సిందే. ఇద్దరికీ ఇంకో మూడేళ్లు కాంట్రాక్టు రాసిస్తాండా."

కేశవ ఫోను పెట్టేసి ఒక్క గెంతులో వెనక గదిలో ఉన్నాడు.

"బతికిపోయినాం ఓబమ్మక్కా! అయినా ఏడాదిగా లేనిది, నిన్ననే ఎట్ల తప్పినావు?"

"కావాలనే తప్పినా. ఆయప్ప మాటలు తలుపెనక నాకు వినపడలేదనుకున్యావా? అందరూ ఒప్పే చదివితే ఒకరి కడుపు కొట్టేటట్టుండె."

"అది సరే. అనంతపురం మిషన్ గూడా తప్పుతాదని, అదీ వేరేచోట తప్పుతాదని నీకెట్ల తెల్సు?"

ఓబమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"మధ్యాన్నం నుంచి ఆ మిషన్ గూడా నేనే గదప్పా."