బుల్లియ్య వేసిన లాక్

"ఆ లాక్ తీసెయ్యండమ్మా! రొయ్య పైకి తేలిపోతంది!"

ఫోన్లో బంగార్రాజు అరిచిన అరుపుకి, భీమవరం ఆఫీసులో కూర్చున్న సాయిదుర్గ చేతిలో టీ ఒలికింది. మధ్యాహ్నం రెండు దాటింది. నల్లగా మబ్బు పట్టింది, ఆకు కూడా కదలడం లేదు. ఇలాంటి పూట చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్ళను చక్రాలతో చిలికే ఏరియేటర్లు తిరక్కపోతే అరగంటలో బంగార్రాజు నాలుగు చెరువుల రొయ్యా చస్తుంది. వాటిని నడిపే ప్రోగ్రాం రాసింది సాయిదుర్గే.

గబగబా తెర మీద చూసింది. ఒక్కో చెరువు పనీ చూసుకోడానికి ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక్కో థ్రెడ్, నాలుగింటికీ కలిపి ఒకటే లాక్. అది చేతికొస్తేనే మోటారు వెయ్యాలి. మూడు థ్రెడ్లు దానికోసం వరసలో నిలబడి ఉన్నాయి. రెండో చెరువు థ్రెడ్ ఉదయం పది నలభైకి లాక్ తీసుకుంది. పదకొండింటికి చచ్చిపోయింది. లాక్ మాత్రం వదల్లేదు.

పాత కంప్యూటర్లో విండోస్ ఉండేది. లాక్ పట్టుకున్న థ్రెడ్ పోతే, విండోసే వెనక నిలబడ్డదాన్ని పిలిచి, 'ముందువాడు పోయాడు, నువ్వు తీసుకో, కాకపోతే వాడు ఏం చేస్తూ పోయాడో చూసుకో' అని చెబుతుంది. దాని బదులు పోయిన నెల చెరువు గట్టున పెట్టిన చిన్న కంప్యూటర్ పెట్టెలో లినక్స్. ముందే అడిగి పెట్టుకుంటే అదీ చెబుతుంది. సాయిదుర్గ అడగలేదు. అడగకపోతే లాక్ చచ్చినవాడి చేతిలోనే ఉండిపోతుంది, మిగతావాళ్ళు యుగాంతం దాకా నిలబడాల్సిందే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది.

"రెండో చెరువు కాపలా బుల్లియ్య ఏడండీ?"

"ఎటో పోయాడమ్మా. పొద్దున నాచు తీస్తానని దిగాడు. పెళ్ళాం పెద్దింట్లమ్మ అన్నం తెచ్చి గంటయ్యింది, క్యారేజీ మూత కూడా తియ్యలేదు. టీ కొట్టు దగ్గర కబుర్లేసుకుని ఉంటాడు. మీరు ముందు తియ్యండి!"

"నీళ్ళలోంచి పైకొచ్చాడా? ఎవరైనా చూశారా?"

"చూసేదేంటమ్మా? నాలుగ్గంటలు నీళ్ళలో కూర్చోడానికి ఆడేమన్నా చేపా?"

ఆ చెరువుల మీద ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళలో దిగేవాడు స్టార్టరు పెట్టె తాళంచెవి మొలతాడుకి కట్టుకుని దిగాలి. అతను గట్టెక్కి తన చేత్తో ఇచ్చేదాకా ఏ మోటారూ వెయ్యకూడదు. పాత వైర్లు, కరెంటు నీళ్ళలోకి దిగితే మనిషి దక్కడు. బుల్లియ్య తమ్ముడు అలాగే పోయాడు. సాయిదుర్గ ఆ కట్టుబాటునే ప్రోగ్రాంలోకి తెచ్చింది. దిగేముందు కాపలావాడు తన ఫోన్ మీద వేలు పెడితే అతని చెరువు థ్రెడ్ లాక్ తీసుకుంటుంది. ఫోన్ షెడ్డులో ఉంచి దిగుతాడు. పైకొచ్చాక మళ్ళీ అదే వేలు పడితేనే లాక్ వదులుతుంది. బలవంతాన విడిపించే బటన్ ఒక్క సాయిదుర్గ దగ్గరే ఉంది.

నేర్పించిన రోజున బుల్లియ్య ఒకటే మాటన్నాడు. "ఎవరేం చెప్పినా విడిపించకండమ్మా. నేనే వచ్చి చెప్తాను."

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. నా కొంప మునుగుతోంది!" బంగార్రాజు గొంతు ఏడుపులోకి దిగింది.

సాయిదుర్గ వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. బుల్లియ్య ఇంకా నీళ్ళలోనే ఉంటే? తన ఒక్క వేలితో అతని ప్రాణం పోతే?

"నావల్ల కాదండీ. ఆయన వచ్చి వదలాల్సిందే. మనుషుల్ని పంపి వెతికించండి."

అవతల బూతు ఒకటి వచ్చింది. మధ్యలోనే తెగింది.

"ఆగండాగండి. అదుగో, గట్టు మీద నించున్నాడు. ఒళ్ళంతా నీళ్ళు కారిపోతన్నాయి. ఏరా బుల్లియ్యా, ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?"

సాయిదుర్గకి ప్రాణం లేచొచ్చింది. "ఏమంటున్నాడండీ?"

"ఏమీ అనడమ్మా. నా పక్కనుంచే పోయాడు, నా వంక చూడను కూడా చూళ్ళేదు. షెడ్డులోకి పోతన్నాడు."

అంతలో తెర మీద ఒక లైను పడింది. 'లాక్ వదిలినది: బుల్లియ్య. 2:22.' వరసలో నిలబడ్డ మూడు థ్రెడ్లూ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. రెండో చెరువుది కూడా లేచి వాటి వెనక చేరింది. నాలుగు చెరువుల చక్రాలూ తిరిగిన చప్పుడు ఫోన్లో వినిపించింది.

"హమ్మయ్య! బతికించారమ్మా! తప్పుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి, ఆయ్."

సాయిదుర్గ నవ్వబోయి ఆగింది. చచ్చిన థ్రెడ్ లేచి లాక్ ఎలా వదులుతుంది? అలా జరగదు.

"ఒకసారి బుల్లియ్యకి ఫోన్ ఇవ్వండి."

చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు.

"షెడ్డులో లేడమ్మా. ఆడి ఫోన్ గూట్లోనే ఉంది. చార్జింగ్ అయిపోయి ఎప్పుడో ఆఫైపోయినట్టుంది, నొక్కినా వెలగట్లేదు. అద్దం మీద మటుకు వేలిముద్ర ఉంది, ఇంకా తడారలేదు."

అంతలో బయట పెద్దింట్లమ్మ గొల్లుమంది. బంగార్రాజు పరిగెత్తుతున్న రొప్పు వినిపించింది. చాలాసేపటికి అతని గొంతు వచ్చింది, గుసగుసగా.

"చక్రాలు తిరగ్గానే నాచుతో సహా అడుగునుంచి తేలాడమ్మా బుల్లియ్య... ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది, పొద్దునెప్పుడో పోయాడు."