గంప అడుగున చిలుంగొట్టాలు

ఆనందయ్య అయ్యవారు గంపను కాలితో తన్నాడు.

ఉడకబెట్టిన శెనక్కాయలు మట్టిలో దొర్లాయి. కాయల కింద గోనెపట్టా. దాని కింద గంజాయి తాగే మట్టి చిలుంగొట్టాలు. పదకొండు.

ప్రొద్దుటూరులో ఆయన పాఠాలు చెప్పే హైస్కూలు గేటు ముందు ఆ కాయలమ్మే ఆమె గంప దించి నాలుగు నెలలే. పేరు తిరుపాలమ్మ. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేది. అంతకుమించి ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

"బడికాడ గంజాయి అమ్ముతాండావా?"

"గంజాయి యాడుంది అయ్యవారూ? బాగా చూడు. ఉత్త గొట్టాలే."

"ఎవురివి?"

తిరుపాలమ్మ గోడవారగా నిలబడిన ఎస్సెల్సీ పిల్లల వంక చూసింది. పిల్లలు తలలు దించుకున్నారు. ఒక్క పేరు చెబితే చాలు, వాడిని బడి నుంచి తీసేస్తారు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి.

"నావే."

బంట్రోతు జమాల్ పకపకా నవ్వాడు. "పదకొండూ నీవేనా? ఎన్ని నోళ్లుండాయమ్మా నీకు?"

"నావే అంటాండా కదప్పా!"

ఆనందయ్య గొట్టాలన్నీ చెప్పుకాలితో తొక్కి పగలగొట్టాడు.

"పిల్లోళ్ల చదువులతో ఆడుకుంటాండావా? మళ్లా ఈడ కనపడితే పోలీసోళ్లకు పట్టిస్తా."

ఆమె మట్టి అంటిన కాయలు ఏరుకుని బస్టాండు వైపు నడిచింది.

ఆ పూట ఆనందయ్య తృప్తిగా అన్నం తిన్నాడు.

జూన్‌లో పేపర్లో పాసైనవాళ్ల నంబర్లు పడ్డాయి. ఆయన కొడుకు శుభాకర్ నంబరు లేదు.

ఆనందయ్య చెప్పేది లెక్కలు. కొడుకు తప్పిందీ లెక్కల్లోనే.

"ఏమైందిరా నీకు?"

"లెక్క మొదలుపెడతా నాయనా. సగానికి వస్తానే ఏం చేస్తాండానో మర్చిపోతా."

శుభాకర్ ట్రంకుపెట్టె తెరిచాడు. చిలుంగొట్టం తీసి తండ్రి ముందు పెట్టాడు.

ఆనందయ్యకు కొట్టే ఓపిక కూడా లేకపోయింది. గోడకు జారగిలబడ్డాడు.

"ఆ గంపామె అమ్మిందేనా?"

"ఆమె అమ్మలా. మా దగ్గర పెరుక్కునేది. పరీక్షలైనాక అడిగితే ఇస్తా, అంతవరకూ నా దగ్గరుండనీ అనేది. ఇచ్చినోనికి రోజూ దోసెడు కాయలు. పక్కన కూచ్చోబెట్టుకుని పాఠం చదివించేది."

"ఆమెకు చదువొచ్చునా?"

"ఒక్క అక్షరం రాదు. కానీ మేం తడబడితే చాలు, ఈపొద్దు మళ్లా తాగినావురా అని పట్టేది. పదకొండు మంది ఇచ్చినారు. పదకొండు మందీ పాసైనారు."

"మరి నువ్వు?"

"మర్నాడు ఇస్తానని చెప్పింటి నాయనా. ఆ పొద్దే నువ్వు తరిమేస్తివి."

"అప్పుడే నోరు తెరవకపోతివే!"

"తెరిసింటే బడిలో ఉండనిచ్చేవాడివా?"



మరుసటి ఉదయం ఆనందయ్య జమ్మలమడుగు బస్సెక్కాడు. సెప్టెంబరులో కొడుకు మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. అంతలోగా తిరుపాలమ్మను తెచ్చి ఆ గేటు ముందు తనే కూర్చోబెట్టాలి.

అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. పక్కింటి హసీనా బయటికి వచ్చింది.

"ఇంకెక్కడి తిరుపాలమ్మ సార్? ప్రొద్దుటూరులో ఎవురో తరిమినారంట. పులివెందుల బడికాడికి పోయింది. ఏప్రిల్లో ఆడనే ఎండదెబ్బకు పానం పాయ."



"ఆమెకు ఎవరూ లేరా?"

"కొడుకుండాడు, ఓబులేసు. అదో."

గడపలో ఇరవై ఏళ్లవాడు ఎండకేసి చూసి నవ్వుతున్నాడు.

"ఎనిమిదో తరగతిలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు దొర భుజం తట్టి మెచ్చుకున్న పిల్లోడు సార్. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదవమంటే సగంలో నిలిచిపోతాడు. అంతా గంజాయి."

ఆనందయ్య పళ్లు కొరికాడు.

"బంగారంలాంటి పిల్లోనికి గంజాయి అలవాటు చేసిన పాపిష్టి ఎవరమ్మా? పేరు చెప్పు. ఊరికే వదలను."

హసీనా కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ ఊరి బడికాడ ఆరేండ్లు గంజాయి పొట్లాలు అమ్మి బతికింది తిరుపాలమ్మే సార్, అందులో ఒక పొట్లం వానికి ఇంట్లోనే దొరికింది."