తామర పురుగుకు పేరు

పెరట్లో మిరియాల తీగ ఆకులు చుట్టుకుపోతుంటే, విప్పి చూశాను. లోపల నల్లటి తామర పురుగులు. వాటిని స్పిరిట్ సీసాలో వేసి, చీటీ అంటించి పరిశోధన కేంద్రానికి పంపాను. అప్పటినుంచి అక్కడి శాస్త్రవేత్త లక్ష్మీతులసి గారు ప్రతి గురువారం పదకొండింటికి ఫోన్ చేస్తారు. నన్ను పేరు పెట్టి పిలిచేది ఇప్పుడు ఆవిడొక్కరే.

ఈ రోజూ చేశారు.

"సూర్యావతి గారూ, ఇది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతేనండీ. మీ పేరే పెడతాను."

"పురుక్కి నా పేరా? మా ఆడపడుచు వింటే, సరిగ్గా కుదిరిందంటుందండీ."

ఆవిడ పకపకా నవ్వేరు.

"అయితే మీరు పంపినవన్నీ ఆడవేనండీ. మగదాన్ని చూస్తేగాని ఏ వర్గంలో చేర్చాలో తేలదు. సన్నగా, చిన్నగా ఉంటుంది. గుర్తుందా?"

"ఆయ్, గుర్తుందండీ."

"ఒక్కటి చాలు. దొరికేదాకా ఆగుతాను. దొరికితే నా పని అయిపోయినట్టే. ఇక గురువారం గురువారం మిమ్మల్ని విసిగించను. ఈ వారమైనా కనబడిందాండీ?"

"లేదండీ. వచ్చే గురువారం చేయండి. వెతికి ఉంచుతాను."

ఫోన్ పెట్టేసి, బీరువాలో చీరల వెనకున్న చిన్న సీసా తీశాను. స్పిరిట్ తగ్గింది. మరికాస్త పోసి మూత బిగించాను. చీటీ మీద నా చేతిరాత చెక్కుచెదరలేదు: "మిరియాల తీగ, మూడో కొబ్బరిచెట్టు, అల్లవరం. ఆగస్టు 12. మగది, ఒకటి."

ఇది నవంబరు.