బోను ముందు పాఠం

"బోర్డు చూడకుండా చెప్పు. కోతిపిల్ల ఎన్నాళ్లు పాలు తాగుతుంది?"

పాప బోర్డు వైపు దొంగచూపు చూసింది. నాన్న చెంప ఛెళ్లుమనిపించాడు.

"జూకి తెచ్చింది గెంతడానికా? నాలుగు ముక్కలు నేర్చుకుంటావని!" భార్య వైపు తిరిగాడు. "చేతులు అడ్డం పెడుతోంది, పట్టుకోవే!"

ఎప్పటిలాగే అమ్మ పాప చేతులు పట్టుకుంది. పట్టుకుంటే దెబ్బలు తొందరగా అయిపోతాయని ఆమె లెక్క.

అంతలో బోనులో మగకోతి ఒకటి కోతిపిల్ల మీదికి దూకింది. తల్లికోతి ఆ మగదాని చెయ్యి కండ ఊడేలా కొరికింది. మగకోతి రక్తం ఓడుతూ మూలకి పారిపోయింది.

"అమ్మా," పాప వెక్కుతూ అడిగింది, "ఆ అమ్మకి ఎవరు నేర్పారు?"

నాన్న మళ్లీ చెయ్యెత్తాడు.

అమ్మ పాప చేతులు వదిలేసింది. పడబోతున్న ఆ చేతిని ఒడిసిపట్టి, ఎముక తగిలేదాకా కొరికింది.